అరికాలి మచ్చ, మిల్లీమీటరు లెక్క

కేన్సర్ అని తేలాక ఇంట్లోవాళ్లు డాక్టరును మొదట అడిగేది ఏ స్టేజి అని. తర్వాత రోగిని బయట కూర్చోబెట్టి, గొంతు తగ్గించి అడిగేది ఎన్నాళ్లు బతుకుతారని. చాలా కేన్సర్లలో స్కానింగులు, రక్తపరీక్షలు అన్నీ చూసుకుంటే గానీ ఈ రెండో ప్రశ్నకు డాక్టర్లు నోరు విప్పలేరు. మెలనోమా అనే చర్మ కేన్సర్‌లో మాత్రం, జబ్బు ఇంకా చర్మం దాటని దశలో, జవాబులో పెద్ద భాగం ఒక చిన్న అంకెలో దొరుకుతుంది. కోసి తీసిన మచ్చను పాథాలజిస్టు మైక్రోస్కోపు కింద పెట్టి, కణితి చర్మంలోకి ఎంత లోతుకు దిగిందో మిల్లీమీటర్లలో, దశాంశాలతో సహా కొలిచి రిపోర్టులో రాసే అంకె అది. మచ్చ ఎంత వెడల్పున పరుచుకుందన్నది దాని ముందు చిన్న విషయం. ఈ అంకెను చాలామంది తలరాతగా తీసుకుంటారు. నేను అలా అనుకోను. అందులో కణితి స్వభావం ఎంతో కొంత ఉన్న మాట నిజమే గానీ, ఆ మచ్చను గుర్తించడానికి పట్టిన కాలం కూడా అందులోనే ఉంది. మనలాంటి ముదురు రంగు చర్మం ఉన్నవాళ్లలో ఆ కాలం అనవసరంగా సాగుతోంది. మచ్చ వచ్చే చోటు ఒకటి, మనం అనుమానంగా చూసే చోటు మరొకటి కావడమే అందుకు ముఖ్యమైన కారణం.

లోతుకు ఇంత విలువ ఎందుకో తెలియాలంటే చర్మం ఎలా ఉంటుందో కొంచెం చూడాలి. చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారుచేసే మెలనోసైట్ కణాలు పైపొర అడుగు వరసలో ఉంటాయి. మెలనోమా పుట్టేది వీటిలోనే. పైపొరలో రక్తనాళాలు ఉండవు, లింఫు నాళాలూ ఉండవు. కేన్సర్ కణాలు ఆ పొరలోనే ఉన్నంతకాలం ఒంట్లో మరోచోటికి పోవడానికి వాటికి దారి లేదు. ఆ దశలో చుట్టూ కొంచెం మంచి చర్మంతో కలిపి మచ్చను తీసేస్తే జబ్బు దాదాపు నయమైనట్టే. పైపొరకూ లోపలి పొరకూ మధ్య ఉన్న పల్చటి సరిహద్దును దాటి కణాలు కిందికి దిగాక పరిస్థితి మారుతుంది. అక్కడ నాళాలున్నాయి, దిగినకొద్దీ వాటిలోకి చొరబడే అవకాశాలు పెరుగుతాయి. 1969లో అమెరికన్ పాథాలజిస్టు వాలెస్ క్లార్క్ ఈ దిగడాన్ని చర్మపు పొరలను బట్టి ఐదు అంచెలుగా విభజించారు. మరుసటి ఏడాదే అలెగ్జాండర్ బ్రెస్లో అనే మరో పాథాలజిస్టు అంతకంటే సూటైన పని చేశారు. పొరల పేర్లు పక్కనపెట్టి, మైక్రోస్కోపులో అమర్చిన సన్నటి కొలబద్దతో కణితి మందాన్ని నేరుగా కొలిచారు. ఆయన చూసింది 98 మంది రోగుల కణితులను. 0.76 మిల్లీమీటర్ల కంటే పల్చగా ఉన్నవాటిలో ఒక్కటీ తిరగబెట్టినట్టు ఆయనకు కనిపించలేదు. మన జేబులో ఉండే ఏటీఎం కార్డు మందం సరిగ్గా అంతే. అర్ధ శతాబ్దం దాటిన తర్వాత క్లార్క్ అంచెలు స్టేజి లెక్కలోంచి తప్పుకున్నాయి, బ్రెస్లో కొలత మాత్రం నిలిచింది.

కొలిచే పద్ధతిలో అరికాలికి సంబంధించిన విశేషం ఒకటుంది. చర్మం మీది మృతకణాల పొరను ఈ కొలతలో కలపరు. దాని కింద, గింజగింజలుగా కనిపించే కణాల వరస పైఅంచు నుంచి కణితిలో అన్నిటికంటే లోతుగా ఉన్న కణం దాకా కొలుస్తారు. కాబట్టి అరికాలి తోలు ఎంత మొద్దుబారి ఉన్నా అంకె ఆ కారణంగా పెరగదు. ఇప్పుడు ప్రపంచమంతా ఎక్కువగా వాడుతున్న స్టేజి పద్ధతి అమెరికన్ జాయింట్ కమిటీ ఆన్ కేన్సర్ తయారుచేసింది. 2018 నుంచి అమల్లో ఉన్న దాని ఎనిమిదో కూర్పు వెనక అమెరికా, యూరప్, ఆస్ట్రేలియా కేంద్రాల్లో చికిత్స పొందిన 46,000 మందికి పైగా రోగుల వివరాలున్నాయి. కణితి 0.8 మిల్లీమీటర్ల లోపు ఉండి, పుండు పడకుండా, లింఫు గ్రంథులకు పాకకుండా ఉన్నవాళ్లలో పదేళ్ల తర్వాత నూటికి 98 మంది మెలనోమా బారినపడి చనిపోకుండా ఉన్నారు. మందం ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల మధ్య ఉంటే 92 మంది, రెండు నుంచి నాలుగు మధ్య 88, నాలుగు దాటితే 83. ఈ లెక్కలో మెలనోమా మరణాలనే మరణాలుగా పట్టారు. గుండెజబ్బుతోనో మరో కారణంతోనో పోయినవాళ్లను అందులో కలపలేదు. ఇంకో జాగ్రత్త కూడా అవసరం. ఈ రోగుల్లో అత్యధికులు తెల్లజాతివాళ్లు, మంచి వైద్యం అందుబాటులో ఉన్నవాళ్లు. మన జిల్లా ఆస్పత్రికి వచ్చే రోగికి ఇవే శాతాలు వర్తిస్తాయని నేను చెప్పడం లేదు. అంకె పెరిగినకొద్దీ బతికే అవకాశం తగ్గుతుందన్న వరస మాత్రం ఏ దేశంలోనైనా ఒకటే.

మందం తర్వాత రిపోర్టులో వెతకాల్సిన మాట పుండు. కణితి మీద ఉండాల్సిన పైపొర తెగిపోయి లేకుండా పోవడాన్ని పాథాలజిస్టు మైక్రోస్కోపులో చూసి రాస్తారు. గోకితేనో చెప్పు ఒరుసుకుంటేనో రేగిన గాయానికీ దీనికీ తేడా ఉంది. ఇక్కడ కణితే తన పైకప్పును తినేసింది. దీని బరువెంతో పై లెక్కలే చెబుతాయి. ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల మధ్య ఉన్న కణితికి పుండు కూడా ఉంటే పదేళ్ల లెక్క 92 నుంచి 88కి పడుతుంది. అంటే పుండు లేని, తనకంటే మందమైన రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల కణితితో సమానమవుతుంది. నాలుగు దాటి, పుండూ ఉంటే 75. పుండు లోతును పెంచదు, ప్రమాదాన్ని ఒక మెట్టు పైకి తోస్తుంది. కణాలు ఎంత జోరుగా విభజన చెందుతున్నాయి, రక్తనాళాల్లోకి లింఫు నాళాల్లోకి చొరబడ్డాయా, కణితి చుట్టుపక్కల చిన్నచిన్న పిల్ల కణితులు ఉన్నాయా అన్నవి కూడా పాథాలజిస్టు చూస్తారు. వయసు పైబడినవాళ్ల కంటే చిన్నవాళ్లు, మగవాళ్ల కంటే ఆడవాళ్లు మెరుగ్గా బతుకుతున్నారని, చేతులు కాళ్ల మీద వచ్చినదాని కంటే తల మీద, మెడ మీద, వీపు మీద వచ్చింది ప్రమాదకరమని ఎన్నో అధ్యయనాల్లో తేలింది. వయసును, ఆడమగ తేడాను ఎవరూ మార్చలేరు. అందుకే ఈ వ్యాసంలో నేను వాటి దగ్గర ఎక్కువసేపు ఆగడం లేదు.

చర్మం దాటిన మెలనోమా సాధారణంగా ముందు చేరేది దగ్గరి లింఫు గ్రంథులకే. అరికాలిలో పుడితే గజ్జల్లోకి, అరచేతిలో పుడితే చంకలోకి. కణితి దగ్గర నీలిరంగు ద్రవాన్ని ఎక్కించి, అది ముందుగా ఏ గ్రంథికి చేరుతుందో చూసి ఆ ఒక్కదాన్నే తీసి పరీక్షించే పద్ధతిని 1992లో అమెరికన్ సర్జన్ డొనాల్డ్ మోర్టన్ బృందం ప్రకటించింది. కాపలా గ్రంథి పరీక్ష అనుకోవచ్చు. దాని మీద ఆయన నడిపించిన పెద్ద అధ్యయనం తుది ఫలితాలు 2014లో వచ్చాయి. మధ్యస్థ మందం కణితులున్నవాళ్లలో కాపలా గ్రంథి శుభ్రంగా ఉంటే పదేళ్లకు నూటికి 85 మంది మెలనోమా మరణం తప్పించుకున్నారు. అందులో కేన్సర్ కణాలుంటే 62 మందే. జోస్యం చెప్పడంలో అంత పదునైన పరీక్ష ఇది. అయితే ఆ పరీక్ష చేయించుకున్నవాళ్లనూ, చేయించుకోకుండా కనిపెట్టుకుని ఉన్నవాళ్లనూ మొత్తంగా పోల్చితే మెలనోమా మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2017లో వెలువడిన రెండో అధ్యయనంలో, కాపలా గ్రంథిలో కణాలు కనిపించినవాళ్లకు మిగతా గ్రంథులన్నీ ఊడ్చి తీసేసినా, తీయకుండా అల్ట్రాసౌండ్‌తో గమనిస్తూ వచ్చినా మూడేళ్లకు మెలనోమా మరణం తప్పినవాళ్లు రెండు గుంపుల్లోనూ నూటికి 86 మందే. తీసేసినవాళ్లలో కాలు, చెయ్యి వాపు మాత్రం ఎక్కువైంది.

ముందుగా గ్రంథులు తీసినా ఆయుష్షు పెరగనప్పుడు ముందుగా కనిపెట్టడం వల్ల లాభమేమిటని దీన్ని చూసి కొందరు అడుగుతారు. నాకు ఈ అధ్యయనాలు సరిగ్గా వ్యతిరేక దిశలో కనిపిస్తాయి. గ్రంథికి చేరేసరికి కొన్ని కణాలు ఇంకా దూరం వెళ్లిపోయి ఉండవచ్చు. అక్కడ ఎంత వేగంగా కత్తి ఆడించినా పోయినవాటిని వెనక్కి తేలేదు. కత్తికి ఫలితం ఉన్న సమయమంతా అంతకు ముందే, కణితి చర్మంలో ఉన్నప్పుడే గడిచిపోతుంది. గ్రంథులకు పాకిన మూడో స్టేజిలో కూడా మొదటి కణితి మందం మాట చెల్లుతూనే ఉందన్నది నేను చూపే మరో ఆధారం. ఎనిమిదో కూర్పు మూడో స్టేజిని నాలుగు తరగతులు చేసింది. గ్రంథిలో కొద్దిపాటి కణాలు, చర్మంలో పల్చటి కణితి ఉన్న మొదటి తరగతిలో ఐదేళ్లకు నూటికి 93 మంది మెలనోమా మరణం లేకుండా ఉన్నారు. నాలుగు మిల్లీమీటర్లు దాటి పుండుపడ్డ కణితి, దానికి తోడు చాలా గ్రంథులు కేన్సర్ బారినపడ్డ చివరి తరగతిలో 32 మంది. ఇద్దరికీ స్టేజి మూడే. స్టేజి అంకె ఒక్కటే విని గుండె చేతపట్టుకునే కుటుంబాలు తెలుసుకోవాల్సిన తేడా ఇది.

ఇక మన సంగతి. 2020లో ప్రపంచం మొత్తం మీద కొత్తగా మెలనోమా వచ్చినవాళ్లు సుమారు 3,25,000 మంది, దానితో చనిపోయినవాళ్లు సుమారు 57,000 మంది అని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ అంచనా. ఏటా లక్షమందిలో ముప్పై మందికి పైగా ఈ జబ్బు తేలే ఆస్ట్రేలియా ఒక కొస అయితే, లక్షకు ఒక్కరు కూడా తేలని భారతదేశం మరో కొస. మన చర్మంలోని మెలనిన్ ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంటుంది. అందువల్ల ఎండ తెచ్చిపెట్టే రకం మనకు అరుదు. తెలుగువాళ్లు సిడ్నీలో ఉన్నా డల్లాస్‌లో ఉన్నా ఈ రక్షణ చాలావరకు వెంట ఉంటుంది. అయితే మెలనోమాలో ఎండతో పెద్దగా పనిలేని రకం ఒకటుంది. అరికాలు, అరచెయ్యి, గోరు కింది చర్మం దాని స్థానాలు. ఆ రకం తెల్లవాళ్లకూ వస్తుంది గానీ, మనలాంటివాళ్లకూ నల్లజాతివాళ్లకూ మెలనోమా వస్తే అందులో పెద్ద వాటా దానిదే. అమెరికా కేన్సర్ రిజిస్ట్రీల్లో 1986 నుంచి 2005 దాకా నమోదైన 1,413 మంది ఇలాంటి రోగుల వివరాలు విశ్లేషిస్తే, ఐదేళ్లకు నూటికి 80 మంది, పదేళ్లకు 67 మంది మెలనోమా మరణం లేకుండా మిగిలారు. అన్ని రకాల చర్మ మెలనోమాలూ కలిపి చూస్తే అవే లెక్కలు 91, 87. పదేళ్ల దగ్గర ఇరవై మంది తేడా. కణితులు ఎక్కువ మందంతో, ముదిరిన స్టేజిలో దొరకడం ఈ తేడాకు పెద్ద కారణమని ఆ విశ్లేషణ చేసినవాళ్లు గుర్తించారు. జబ్బు అరుదు కాబట్టి పట్టించుకోనక్కర్లేదని ఈ అంకెలు చూశాక అనడం కష్టం. అరుదు కావడం వల్లే డాక్టరుకైనా రోగికైనా ముందుగా తట్టదు.

అరికాలిని దగ్గరగా చూస్తే ఎంత సమాచారం అందులో ఉందో ఆశ్చర్యం వేస్తుంది. వేలిముద్రల్లాగే అరికాలి చర్మం నిండా సన్నటి గట్లు, వాటి మధ్య గాళ్లు ఉంటాయి. చెమట రంధ్రాలు గట్ల మీద వరసగా తెరుచుకుంటాయి. డెర్మటాలజిస్టు చేతిలో ఉండే డెర్మోస్కోపు, అంటే దీపం అమర్చిన భూతద్దం, కింద మచ్చను చూస్తే మామూలు పుట్టుమచ్చలో రంగు ఎక్కువగా గాళ్లలో గీతలు గీసినట్టు కనబడుతుంది. మెలనోమాలో రంగు గట్ల మీద పట్టీలుగా పరుచుకుంటుంది. ఈ తేడాను జపాన్ డాక్టర్లు ఓపిగ్గా వేర్చి చూపించారు. అక్కడ కూడా అరికాలి రకమే ఎక్కువ కావడం వల్ల వాళ్లకు అది అవసరమైంది. ఒంటి బరువు ఎక్కువగా పడే మడమ మీద, ముందు పాదం మీద ఈ కణితులు ఎక్కువగా రావడాన్ని గుర్తించిందీ వాళ్లే. గోటి సంగతి వేరు. గోటి నిలువునా నల్లటి గీత ఉండటం మన రంగువాళ్లలో సాధారణమే, అది చాలామందికి ఎన్నేళ్లయినా ఏమీ కాదు. ఒకే గోటికి పెద్దవయసులో కొత్తగా గీత పడి, అది వెడల్పవుతూ, మొదలు దగ్గర ఎక్కువ వెడల్పుగా ఉండి, నలుపు గోరు దాటి పక్క చర్మం మీదికి పాకితే మాత్రం అది డాక్టరు చూడాల్సిన గోరు. ఆ పాకే నలుపును పందొమ్మిదో శతాబ్దంలో లండన్ సర్జన్ జొనాథన్ హచిన్సన్ వర్ణించారు. ఇప్పటికీ డాక్టర్లు ఆయన పేరుతోనే దాన్ని పిలుస్తారు.

ఇంత స్పష్టమైన గుర్తులుండీ జబ్బు ముదిరాకే ఎందుకు బయటపడుతోంది? అరికాలిలో గట్టిగా ఏదైనా కనిపిస్తే ఆనెకాయ అనుకుంటారు. జిల్లేడు పాలు పోయడం, బ్లేడుతో చెక్కడం, మెడికల్ షాపులో కార్న్ క్యాప్ తెచ్చి అంటించడం మన ఊళ్లలో మామూలు. గోటి దగ్గర నల్లబడి చీము పడితే గోరుచుట్టు అంటారు. రాయి తగిలి రక్తం గడ్డకట్టిందనీ అంటారు. షుగరున్నవాళ్లకు పాదం మీద మానని పుండు పడితే అది షుగరు పుండేనని ఇంట్లోవాళ్లే కాదు, ఒక్కోసారి డాక్టర్లూ నిశ్చయించుకుంటారు. షుగరు జబ్బు ఇంతగా పెరిగిన తెలుగు రాష్ట్రాల్లో ఇది చిన్న పొరపాటు కాదు. అరికాలి మెలనోమాల్లో కొన్నిటికి నలుపు రంగే ఉండదు. గులాబీ రంగు మాంసపు ముద్దలా పెరిగి అచ్చం మానని పుండులాగే కనిపిస్తాయి. నెలల తరబడి కట్లు మారుస్తూ ఉంటారు, ఆ లోపల బ్రెస్లో అంకె పెరుగుతూ ఉంటుంది. ప్రపంచ ప్రసిద్ధుడైన గాయకుడు బాబ్ మార్లీ కాలి బొటనవేలి గోరు కింద వచ్చిన జబ్బును కూడా మొదట ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బ అనే అనుకున్నారు. 1977లో అది మెలనోమా అని తేలింది. 1981 మే 11న మయామీలో, 36 ఏళ్ల వయసులో ఆయన మరణించారు.

ముందుగా కనిపెడితే బతుకుతారన్న మాటకు గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. ఒక రోగి 2020లో ఎలాగూ చనిపోతాడనుకోండి. జబ్బు 2018లో తేలితే రెండేళ్లు బతికాడంటాం, 2012లో తేలితే ఎనిమిదేళ్లు బతికాడంటాం. చావు తేదీ మారలేదు, తెలిసిన తేదీ మారిందంతే. పైగా ఎంతోమందిని పరీక్షించే కొద్దీ, ఎన్నటికీ ప్రాణం తీయని మచ్చలు కూడా మెలనోమా పేరుతో లెక్కలోకి వచ్చి బతికే శాతాన్ని అందంగా చూపిస్తాయి. అమెరికాలో నలభై ఏళ్లలో మెలనోమా కేసులు ఆరింతలయ్యాయి, ఆ కాలంలో చాలావరకు మరణాల రేటు మాత్రం పెద్దగా కదల్లేదు. జర్మనీ 2008లో 35 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ రెండేళ్లకోసారి చర్మ పరీక్ష మొదలుపెట్టింది; ఆశించినట్టుగా మరణాలు తగ్గలేదు. ఏ లక్షణమూ లేనివాళ్లందరి చర్మాన్నీ వెతకడం వల్ల లాభముందో నష్టముందో చెప్పడానికి తగిన ఆధారాలు లేవని అమెరికా నిపుణుల సంఘం 2023లో కూడా తేల్చింది. ఈ వాదన మొత్తాన్నీ నేను ఒప్పుకుంటాను. నిజానికి లక్షకు ఒక్కరికి కూడా రాని జబ్బు కోసం మన ఊరూరా శిబిరాలు పెట్టడం డబ్బు దండగ. కానీ ఈ అభ్యంతరం పుట్టింది పల్చటి మచ్చలు వేలకు వేలు దొరికే సమాజాల్లో. అక్కడి సమస్య అవసరానికి మించి వెతకడం. మన దగ్గర రోగి ముందే పుండుతోనో గడ్డతోనో వచ్చి నిలబడతాడు, అయినా ముక్క తీసి పరీక్షకు పంపరు. లేని జబ్బును వెతకడం, కళ్లముందున్న జబ్బుకు సకాలంలో పేరు పెట్టడం వేరువేరు పనులు. జర్మనీ ఫలితం మొదటిదాని గురించి చెబుతుంది, రెండోదాని గురించి కాదు.

మరో అభ్యంతరం జీవశాస్త్రం వైపు నుంచి వస్తుంది. కొన్ని మెలనోమాలు మొదటి నుంచీ నిలువునా పెరుగుతాయి. పరుచుకునే దశే లేకుండా కొద్ది నెలల్లో లోతుకు దిగిపోతాయి. రోగి ఎన్ని రోజులు ఆలస్యం చేశాడో, కణితి ఎంత మందంగా ఉందో పోల్చి చూసిన అధ్యయనాల్లో రెండిటికీ సూటి సంబంధం ప్రతిసారీ కనిపించకపోవడానికి కారణం ఇదే. త్వరగా పెరిగేది త్వరగా భయపెడుతుంది, డాక్టరు దగ్గరికి త్వరగా తెస్తుంది, అయినా మందంగానే ఉంటుంది. పల్చటి కణితి అంటే పూర్తి భరోసా కూడా కాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ లెక్కలు పరిశీలించినవాళ్లకు నాలుగు మిల్లీమీటర్లు దాటిన కణితులతో పోయినవాళ్ల కంటే ఒక మిల్లీమీటరు లోపు కణితులతో పోయినవాళ్లే సంఖ్యలో ఎక్కువని తేలింది. పల్చటివి అంత ఎక్కువగా దొరుకుతాయి కాబట్టి నూటికి ఇద్దరు ముగ్గురు పోయినా మొత్తం పెద్దదవుతుంది. ఇవన్నీ నిజాలే. అందుకే అంకెలో కణితి స్వభావమూ ఉందని మొదటే అన్నాను. అయినా అరికాలి రకం చాలావరకు ముందు పైపొరలోనే అడ్డంగా నెలలు, ఏళ్ల తరబడి పరుచుకుని ఆ తర్వాత కిందికి దిగే తీరుది. అడ్డంగా పాకే ఆ కాలమే మన చేతిలో ఉన్న కాలం. వేగంగా పెరిగే కొన్నిటిని ఆపలేం కాబట్టి నెమ్మదిగా పెరిగేవాటిని కూడా వదిలేద్దామనడం తర్కానికి నిలవదు.

అందరికంటే ఉత్సాహంగా వినిపించే అభ్యంతరం కొత్త మందుల గురించి. అది ఉత్సాహపడాల్సిన విషయమే. 2011కు ముందు ఊపిరితిత్తులకో కాలేయానికో పాకిన మెలనోమా రోగుల్లో సగం మంది ఏడాది తిరక్కుండానే పోయేవారు. కేన్సర్ మీద దాడి చేయకుండా మన రోగనిరోధక కణాలకు పడిన కళ్లేలను తీసేసే మందులు ఆ తర్వాత వచ్చాయి. వాటికి దారివేసిన జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. నివోలుమాబ్, ఇపిలిముమాబ్ అనే రెండు మందులు కలిపి ఇచ్చిన రోగుల్లో పదేళ్ల తర్వాత నూటికి 43 మంది బతికే ఉన్నారని 2024లో ప్రకటించారు. ముదిరిన మెలనోమాలో ఇలాంటి లెక్కను ఒక తరం క్రితం ఏ డాక్టరూ ఊహించి ఉండడు. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కు 2015లో మెలనోమా మెదడు దాకా పాకినట్టు తేలింది. ఈ తరహా మందు, రేడియేషన్ తీసుకున్నాక ఆయన ఇంకా తొమ్మిదేళ్లు బతికి, నూరేళ్లు నిండాకే 2024 డిసెంబరులో కన్నుమూశారు. అయినా ఈ మందులు మిల్లీమీటరు లెక్కను చెరిపేయలేదు. నూటికి 43 మంది బతకడం గొప్పే, కానీ పల్చటి కణితిని కోసి తీసేస్తే బతికేది 98 మంది. ఈ మందులు ఎండ వల్ల జన్యువులు బాగా దెబ్బతిన్న కణితుల మీద ఎక్కువగా పనిచేస్తాయి. దెబ్బతిన్న జన్యువుల నుంచి పుట్టే తేడా ప్రొటీన్లనే రోగనిరోధక కణాలు పరాయివిగా గుర్తుపడతాయి. అరికాలి రకంలో అలాంటి దెబ్బలు తక్కువ, కాబట్టి సాధారణంగా స్పందన కూడా తక్కువే. తెల్లవాళ్ల మెలనోమాల్లో సుమారు సగం వాటిలో ఉండే బీరాఫ్ అనే జన్యు మార్పును గురిచూసి కొట్టే మాత్రలున్నాయి గానీ, అరికాలి రకంలో ఆ మార్పు కూడా తక్కువమందిలోనే ఉంటుంది. పైగా ఖర్చు. నెలల తరబడి సాగే ఈ చికిత్స బిల్లు మన మధ్యతరగతి కుటుంబాన్ని కూడా అప్పుల్లోకి నెడుతుంది. మచ్చ కోయించుకోవడం ప్రభుత్వాస్పత్రిలో కూడా జరిగే చిన్న ఆపరేషను. ఏ దారి మనకు దగ్గరో చెప్పనక్కర్లేదు.

ఈ దారికి అడ్డం వచ్చేది ఒక నమ్మకం: కత్తి తగిలితే కేన్సర్ ఒళ్లంతా పాకుతుందని. ఈ భయం నిజమైంది, దాన్ని వెక్కిరించడం తప్పు. కేన్సర్ ఆపరేషన్ తర్వాత మనిషి క్షీణించడం కళ్లారా చూసిన కుటుంబాల్లోంచి అది వచ్చింది. కానీ ఆ మనుషులకు జబ్బు అప్పటికే పాకి ఉంది. మెలనోమాలో మచ్చ మొత్తాన్ని ఒకేసారి తీసి పరీక్షించినవాళ్లనూ, ముందు ముక్క తీసి తర్వాత మొత్తం తీసినవాళ్లనూ పోల్చి చూశారు; బతికే కాలంలో తేడా కనిపించలేదు. చిన్న మచ్చయితే ఒకటి రెండు మిల్లీమీటర్ల అంచుతో మొత్తం తీయడం మంచిది, అప్పుడే లోతు సరిగ్గా తేలుతుంది. రిపోర్టు వచ్చాక మందాన్ని బట్టి రెండో ఆపరేషన్‌లో అంచు పెంచుతారు: ఒక మిల్లీమీటరు లోపయితే చుట్టూ ఒక సెంటీమీటరు, రెండు మిల్లీమీటర్లు దాటితే రెండు సెంటీమీటర్లు. అసలు హాని చేసేది వేరే పద్ధతి. అనుమానం ఉన్న మచ్చను లేజర్‌తోనో కరెంటు సూదితోనో కాల్చేస్తే పైన మాయమవుతుంది, కింద కణాలు మిగలవచ్చు. అంతకంటే పెద్ద నష్టం ఏమంటే, కొలవడానికి ఏమీ మిగలదు. రంగు మారుతున్న, పెరుగుతున్న మచ్చను పరీక్షకు పంపకుండా కాల్చడానికి ఎవరినీ ఒప్పుకోవద్దు, వాళ్లు ఎంత పేరున్న క్లినిక్ నడుపుతున్నా సరే.

రిపోర్టు చేతికొచ్చాక అడగాల్సినవి కొన్నే. బ్రెస్లో మందం ఎన్ని మిల్లీమీటర్లని రాశారు? పుండు ఉందా లేదా? కోసిన అంచుల్లో కేన్సర్ కణాలున్నాయా? ఇవి లేకుండా మెలనోమా అని ఒక్క ముక్క రాసి ఉన్న రిపోర్టు చికిత్సకు చాలదు. పారఫిన్ దిమ్మెలు అడిగి తీసుకుని హైదరాబాద్ ఎంఎన్‌జే లాంటి కేన్సర్ ఆస్పత్రిలో మళ్లీ చూపించుకునే హక్కు రోగికి ఉంది. మందం ఒక మిల్లీమీటరు దాటితే కాపలా గ్రంథి పరీక్ష గురించి సర్జన్‌తో మాట్లాడాలి. దాని వల్ల ఆయుష్షు నేరుగా పెరగకపోయినా, ఆపరేషన్‌తో పాటు మందులు ఎవరికి అవసరమో తేల్చడానికి ఇప్పుడు అదే ఆధారం. ఇక శాతాల విషయంలో ఒక మాట డాక్టర్లు తీరిక చేసుకుని చెప్పడం లేదు. రిపోర్టు రోజున చెప్పిన పదేళ్ల అంకె ఆ రోజుకే చెందుతుంది. మందమైన కణితి తీయించుకుని, మూడేళ్లు, ఐదేళ్లు జబ్బు తిరగబెట్టకుండా గడిచినవాళ్లకు ఆపైన బతికే అవకాశం మొదటి రోజు చెప్పినదానికంటే చాలా మెరుగు, ఎందుకంటే ప్రమాదం ఎక్కువగా ఉండేది మొదటి కొన్నేళ్లలోనే. ఆ ఏళ్లలో మూడు నుంచి ఆరు నెలలకోసారి డాక్టరు గజ్జల్లోనో చంకలోనో గ్రంథులు తడిమి చూడాలి, పాత ఆపరేషన్ మచ్చ చుట్టూ చర్మం చూడాలి, రెండో పాదం కూడా చూడాలి.